కొంగ కన్ను

"ఈ కుట్లు మీవేనా?"

కౌంటరు మీద ఫోన్ పడింది. తెర మీద ఒక బ్యాగు పిడి, పిడి వెంట చీమల బారులాంటి తెల్లటి కుట్లు. స్కేలు తలెత్తకుండానే గుర్తుపట్టాడు. తన పిల్లల్ని తను గుర్తుపట్టడానికి కళ్ళజోడు కావాలా ఎవరికైనా?

"నావే. బాగున్నాయా?"

"బాగున్నాయి. అదే నా ఖర్మ."

అప్పుడు తలెత్తాడు. బయట వాన. ఆమె పసుపు గొడుగు నుంచి కారే నీళ్ళు నేరుగా అతని పనిబల్ల మీదికే కారుతున్నాయి, వీధిలో ఇంకెక్కడా చోటు లేనట్టు. మెడలో నల్ల తాడుకి భూతద్దం. భుజం మీద వెలిసిపోయిన నీలం గుడ్డసంచి. దాని తాడు తెగితే పిన్నీసు పెట్టి నడిపిస్తోంది. ఆ పిన్నీసు చూడగానే స్కేలు ప్రాణం ఉసూరుమంది. వైద్యుడికి దగ్గు వినిపించినట్టే, బ్యాగులు బాగుచేసేవాడికి పిన్నీసు.

అతని అసలు పేరు ఏవో కాగితాల్లో ఉంది, ఎవరికీ దానితో పనిపడలేదు. గీత గీసినట్టు కుడతాడు కనక బజారంతా స్కేలు అంటుంది. కొట్టులో సగం అతనిది, సగం అక్కది. అక్క కుట్టుమిషను మీద ప్యాంట్లు పొట్టి చేస్తుంది, నోటితో మనుషుల్ని పొట్టి చేస్తుంది. రెండో పనికి కూలి తీసుకోదు.

"మీరెవరండీ?"

"వీధి చివర షోరూమ్‌లో పనిచేస్తాను. అసలు బ్యాగేదో నకిలీదేదో చూసి చెప్పేది నేనే."

ఆ షోరూమ్ స్కేలుకి తెలుసు. డబ్బున్నవాళ్ళు వాడి విసుగెత్తిన డిజైనర్ బ్యాగులు అక్కడ అమ్ముతారు. 'ప్రీ-లవ్డ్' అని బోర్డు. అంటే ఒకళ్ళు ప్రేమించి వదిలేసినవి. మనిషికి ఆ బోర్డు తగిలిస్తే పిల్లనివ్వరు గానీ, బ్యాగుకి తగిలిస్తే ధర పలుకుతుంది.

"ఈ కంపెనీ పిడులు చేత్తో కుట్టిస్తుంది," అందామె. "చేతికుట్టు ప్రతిదీ ఒక పిసరు పక్కకి వాలుతుంది. మిషను కుట్టు నిటారుగా నిలబడుతుంది. ఇవి పోలీసుల్లా నిలబడ్డాయి. నకిలీ అని రాసి పంపించేశాను. బ్యాగు తెచ్చినావిడ తిన్నగా కంపెనీకే పోయి అసలుదని రాయించుకొచ్చి మా ఓనరు మొహాన పెట్టింది."

"అంటే బాగా కుట్టడం నా తప్పు."

"అసలుదానికంటే బాగా కుట్టడం తప్పు. అసలు సరుకులో ఎక్కడో ఒక చిన్న వంక ఉంటుంది. వంకే లేకపోతే నాకు అనుమానం."

"మొగుణ్ణి కూడా ఇలాగే వెతుక్కుంటావా అమ్మాయ్?" మిషను ఆపకుండానే అడిగింది అక్క.

"వెతికేంత తీరిక లేదక్కా. మూడు తప్పులైతే ఇంటికి పొమ్మన్నాడు ఓనరు. మీ తమ్ముడి పుణ్యమా అని ఒకటైంది."

ఇంతలో స్కేలు చేతులు వాటి పని అవి చేస్తున్నాయి. ఆ రోజు ఇద్దరు ఒకే రకం బ్యాగు రిపేరుకిచ్చారు. ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ ఆ కంపెనీ గుర్తు. ఒకటి పళ్ళ డాక్టరమ్మది, అసలు కొంగ. రెండోది జిమ్ము నడిపే ఆయన భార్యది. అది కొంగ కాదు, కొంగ జపం. రెండింటికీ జిప్పు బిగుసుకుపోయింది. జిప్పు లాగేందుకు వేళ్ళతో పట్టుకునే లోహపు బిళ్ళలు రెండూ ఊడదీసి, సబ్బునీళ్ళ గిన్నెలో నానేశాడు. ఒకే గిన్నెలో. పన్నెండేళ్ళుగా ఒకే గిన్నె, ఎప్పుడూ తేడా రాలేదు. పన్నెండేళ్ళలో ఎదురుగా పసుపు గొడుగు నిలబడటమూ ఎప్పుడూ జరగలేదు.

"ఇకనుంచి మీరు ఏం బాగుచేసినా, ఏం మార్చారో ఒక చీటీ మీద రాసి లోపలి జేబులో పెట్టండి," అందామె. "ఆ బ్యాగు ఎప్పుడైనా మా దగ్గరికి అమ్మకానికొస్తే నాకు తెలుస్తుంది."

"ఏడో క్లాసులో బడి మానేసింది రాయడం ఇష్టం లేకేనండి."

"ఏడు దాకా రాశారుగా. దారం, పిడి, జిప్పు. అంతకన్నా పెద్ద మాటలు నాకక్కర్లేదు."

వెళ్ళిపోయింది. గిన్నెలోంచి బిళ్ళలు తీసి, ఇద్దరి బ్యాగులకీ తగిలించాడు స్కేలు. కళ్ళు వీధిలో ఉన్నాయి. గొడుగు మలుపు తిరిగేదాకా అక్కడే ఉన్నాయి.

"ఒరేయ్, మూసెయ్," అంది అక్క.

"కొట్టా?"

"నోరు."

* * *

ఆ రెండు బ్యాగుల్లోనూ ఒకే చీటీ పెట్టాడు. 'జిప్పు శుభ్రం చేశాను. ఇంకేమీ మార్చలేదు. రాయడం నాకు రాదు, మీరు చెప్పారని రాశాను.'

తర్వాత రాయడం వచ్చేసింది. పంతుళ్ళు ఏడేళ్ళు బెత్తంతో చెయ్యలేని పని భూతద్దం మూడు వారాల్లో చేసింది.

'పిడి పాతది. దారం నాది. నిటారుగా ఉంటే క్షమించాలి.'

అమ్మకానికొచ్చిన బ్యాగులకి చిల్లర రిపేర్లుంటే షోరూమ్ నుంచి అతని దగ్గరికే వచ్చేవి. వాటి జేబుల్లో జవాబులు.

'అసలు బ్యాగు లోపల తోలు వాసన వస్తుంది. నకిలీది పెట్రోలు వాసన. మీ బంక పుణ్యమా అని అన్నీ ఒకే వాసన. బంక మార్చండి.'

'మార్చాను. ఇప్పుడు నా చేతులు కూడా వాసన రావు. చూడ్డానికి ఎవరూ రారనుకోండి.'

'నేను బ్యాగుల వాసనే చూస్తాను.'

'భుజం మీద పిన్నీసు ఎన్నాళ్ళు? ఇస్తే పది నిమిషాల పని.'

'ఇవ్వను. మీ మీద అంత నమ్మకం ఇంకా కుదరలేదు.'

ఈ తపాలా శాఖలో ఒక చిన్న లోపముంది. రిపేరుకొచ్చిన ప్రతి బ్యాగూ అమ్మకానికి పోదు. ఒక చీటీ, 'నిన్న పసుపు గొడుగులో బాగున్నారు' అన్నది, షోరూమ్ దాకా పోకుండా రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారి జేబులోనే ఉండిపోయింది. మర్నాడు ఆవిడ కొట్టుకొచ్చి, కళ్ళజోడు సర్దుకుని, "బాబూ, నాది నీలం గొడుగు కదా," అంది. స్కేలు చెమటలు తుడుచుకున్నాడు. ఆ మర్నాటి నుంచి ఆవిడ పసుపు గొడుగు వేసుకుని కొట్టు ముందు నుంచి వెళ్ళడం మొదలుపెట్టింది. ఎండలో కూడా.

ఈ సంగతి చెబితే భూతద్దం అమ్మాయి కొట్టు చూరు కింద నిలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. వాన కూడా కాసేపు తగ్గి విన్నట్టే అనిపించింది స్కేలుకి. ప్రేమలో పడ్డవాడికి వాన కూడా చుట్టమే.

"ఆవిడకి నిజం చెప్పరా?"

"చెప్పను. అడగలేదుగా."

"నకిలీ బ్యాగు తెచ్చేవాళ్ళకి?"

"వాళ్ళకీ అంతే. ఎవరింట్లో ఎవరు ఎవరికి అసలుదని చెప్పి ఇచ్చారో మనకెందుకండీ? చిరిగింది, కుట్టాను."

"అడిగితే?"

"అడిగితే జిప్పు గురించి మాట్లాడతాను."

ఆమె నవ్వు సగంలో ఆగింది. "నేనైతే చెప్పేస్తాను. తిడతారు. కానీ నకిలీని మోస్తున్నామని తెలియకుండా మొయ్యడం కన్నా తిట్టడం మేలు."

"మీ ఓనరుకి కూడా అన్నీ చెప్పేస్తారా?"

దానికి మాత్రం ఆమె గొడుగు తెరిచి వానలోకి నడిచింది.

* * *

రెండు నెలలకి ఆ గొడుగు లేకుండా వచ్చింది. తడిసిపోయి వచ్చింది.

"రెండోది అయింది," అంది.

"ఏం రెండోది?"

"పళ్ళ డాక్టరమ్మ కొంగ బ్యాగు తెచ్చింది. జిప్పు బిళ్ళ మీద కొంగకి కన్నుంటుంది చూశారా? కంపెనీ వాళ్ళు సన్నటి బెజ్జంగా తొలుస్తారు, వెలుతురుకి పెడితే అటు నుంచి ఇటు కనిపిస్తుంది. నకిలీ వాళ్ళకి అంత ఓపికెక్కడిది, చుక్క పెట్టి ఊరుకుంటారు. డాక్టరమ్మ కొంగకి చుక్కే ఉంది. లోపల మీ చీటీ, 'ఇంకేమీ మార్చలేదు' అని. ఒక్క అబద్ధం దొరికాక మిగతా నిజాలు ఎవరు చూస్తారు? నకిలీ అని రాశాను. ఆవిడ కంపెనీ నుంచి కాగితం తెచ్చింది. అసలుదేనట. చుక్క ఎలా వచ్చిందో నాకు అంతుపట్టట్లేదు."

స్కేలుకి అంతుపట్టింది. సబ్బునీళ్ళ గిన్నె కళ్ళ ముందు గిర్రున తిరిగింది. డాక్టరమ్మ కొంగకి చుక్క వచ్చిందంటే, దాని కన్ను ఎవరికి పోయినట్టు?

"ఈ మధ్య ఇంకో కొంగ బ్యాగు ఏమైనా వచ్చిందా?" అన్నాడు స్కేలు.

"జిమ్ము వాళ్ళావిడది. అసలుదని పాస్ చేశాను. అద్దాల బీరువాలో ఉంది, రేపు ఎవరో తీసుకెళ్తున్నారు. ఏం?"

అదీ మూడోది. ఆమెకింకా తెలియదు.

నోరు తెరిచాడు. పన్నెండేళ్ళ అలవాటు నోరు మూసింది.

"ఏం లేదు. ఆ జిప్పు కూడా గట్టిదేనా అని," అన్నాడు.

ఆమె తల తుడుచుకుని వెళ్ళిపోయింది. స్కేలు గంటసేపు ఒకే కుట్టు మీద కూర్చున్నాడు. చెబితే ఆమెకి తన మూడో తప్పు తెలుస్తుంది. చెప్పకపోతే రేపు ఆ నకిలీది ఇంటికి తీసుకెళ్ళినవాళ్ళు చెబుతారు. అప్పుడు గొప్ప ఆలోచన వచ్చింది. ఆమెకి చెప్పకుండా తిన్నగా ఓనరు దగ్గరికే పోయి తప్పు తన నెత్తిన వేసుకుంటే, ఆమెకి మచ్చ అంటదు కదా. గొప్ప ఆలోచనలన్నీ ఇలాగే వస్తాయి, పక్కన సలహా చెప్పే మనిషి లేనప్పుడు. అక్క సంతకి పోయి ఉంది.

* * *

ఓనరు నెత్తి మీది కళ్ళజోడు నుంచి కాళ్ళ జోళ్ళ దాకా కంపెనీ సరుకు. బొజ్జ మధ్యలో అరచేతంత బెల్టు బకిల్, దాని మీద ఒంటికాలి కొంగ. మధ్యలో మనిషొక్కడే ఏ కంపెనీవాడో తెలియదు.

"తప్పు నాదండి," అన్నాడు స్కేలు. "ఆ బీరువాలో కొంగ నకిలీది. బిళ్ళ ఒక్కటే అసలుది. నా గిన్నెలో మారిపోయింది. మేడమ్ గారి తప్పేమీ లేదు."

మేడమ్ గారు అక్కడే, తన బల్ల దగ్గర, చేతిలో కలంతో అలాగే నిలబడిపోయింది.

ఓనరు తాపీగా బ్యాగు తీయించాడు. "బిళ్ళ ఒక్కటే అసలుదంటావు."

"అవునండి."

"అంటే అంచుల రంగు నకిలీది. కుట్లు నకిలీవి. లోపలి గుడ్డ నకిలీది. అడుగున లోహపు గుబ్బలు నకిలీవి."

"అవునండి," అన్నాడు స్కేలు ఇంకా ఉత్సాహంగా.

"అంటే మా మేడమ్ గారు బిళ్ళ తప్ప ఇంకేమీ చూడలేదన్నమాట."

స్కేలుకి అప్పుడు అర్థమైంది. తాను నీళ్ళనుకుని తెచ్చి పోసింది కిరసనాయిలని.

ఆమె వచ్చింది. బ్యాగు తీసుకుని, భూతద్దం పెట్టి, అంచు చూసింది, కుట్లు చూసింది, లోపల ముక్కు పెట్టి వాసన చూసింది. తీరిగ్గా చూసింది, ఆ రోజు చూడాల్సినంతసేపు.

"నకిలీదే. తప్పు నాదే," అంది.

"మూడు," అన్నాడు ఓనరు.

ఆమె భూతద్దం మెడలో వేసుకుంది. పిన్నీసు సంచి భుజాన వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"ఒక్క విషయం సార్. మీ బెల్టు మీద కొంగ కన్ను కూడా ఒకసారి ఎవరికైనా చూపించుకోండి. మొదటి రోజే చెప్పాల్సింది. ఉద్యోగం కదా, ఊరుకున్నాను."

ఓనరు చెయ్యి దానంతటదే బొజ్జ మీదికి పోయింది.

వీధిలో స్కేలు వెంటపడ్డాడు. "మీకు మంచి జరగాలనే..."

"నాకు ముందు చెప్పి ఉంటే నేనే పోయి చెప్పుకునేదాన్ని," అంది ఆమె ఆగకుండా. "నా తప్పు నేను చెబితే నిజాయితీ. మీరు చెబితే చాడీ. పొద్దున నేను మీ కొట్టులో నిలబడి అడిగితే జిప్పు గురించి మాట్లాడారు."

స్కేలు నడక ఆగింది. వాన ఎప్పుడో ఆగింది. ఇలాంటప్పుడు కురిస్తే మొహమైనా కప్పుతుందని ఆశ, కానీ వానకి ఎప్పుడు ఎవరితో పనుంటుందో ఎవరికి తెలుసు.

* * *

"త్యాగం చెయ్యడానికి పోయి కొంప ముంచి వచ్చావు," అంది అక్క. "ఉద్యోగం పోయింది ఆ పిల్లది. ఏడుపు సినిమా పోస్టరు మొహం మాత్రం నీది."

మూడు రోజులు గడిచాయి. బిళ్ళలు రెండూ ఏ కొంగది ఆ కొంగకి తగిలించాడు, ఈసారి రెండు గిన్నెల్లో పెట్టి. డాక్టరమ్మకి తప్పొప్పుకున్నాడు. జిమ్ము వాళ్ళావిడ తిరిగొచ్చిన బ్యాగు పట్టుకుని "ఇది నకిలీదా?" అని అడిగితే, ఈసారి జిప్పు గురించి మాట్లాడలేదు. అవునన్నాడు. ఆవిడ చెడామడా తిట్టింది. తిట్టినంతసేపూ నిలబడ్డాడు. పోయేటప్పుడు మాత్రం, "నువ్వన్నా చెప్పావు," అని గొణిగి పోయింది.

నాలుగో రోజు పసుపు గొడుగు కనబడితే చేతిలో పని వదిలేసి లేచాడు. హెడ్‌మిస్ట్రెస్ గారు.

నోటికి నిజం అలవాటైంది కదా, ఆగలేదు. "టీచర్ గారూ, ఆ చీటీ మీకు రాసింది కాదండి."

"తెలుసు బాబూ," అంది ఆవిడ. "నలభై ఏళ్ళు పిల్లల చేతిరాతలు దిద్దాను. వణుకుతూ రాసిన చెయ్యి ఎవరి కోసం వణికిందో ఆ మాత్రం తెలియదా? గొడుగు రంగు నచ్చి కొనుక్కున్నాను. అది సరే, ఆ పిల్లకి చెప్పావా?"

"ఎక్కడుందో తెలియదండి."

"నీ వెనకాల," అంది అక్క.

ఎప్పుడొచ్చిందో, పక్కసందు వైపు గుమ్మంలో నిలబడి ఉంది. భూతద్దం మెడలోనే ఉంది. కొందరికి ఉద్యోగం పోయినా జబ్బు పోదు.

"ఒక్కటే అడగడానికొచ్చాను," అంది. "పన్నెండేళ్ళలో మారని బిళ్ళలు ఆ రోజే ఎందుకు మారాయి?"

స్కేలు బల్ల మీది దారపుండను చూశాడు. దారం ఏమీ చెప్పలేదు. అక్క మిషను ఆపింది. ఆ మిషను ఆగడం స్కేలు పుట్టాక విన్న అతి పెద్ద చప్పుడు.

"ఆ రోజు మీరొచ్చారు," అన్నాడు. "మిమ్మల్ని చూస్తూ తగిలించాను. గిన్నెలోకి చూడలేదు."

ఆమె సంచిలోంచి మడతలు పడ్డ చీటీ తీసి బల్ల మీద పెట్టింది. 'రాయడం నాకు రాదు, మీరు చెప్పారని రాశాను.'

"జిమ్ము వాళ్ళ బ్యాగులో ఉంది. మీరు రాసిన మొదటి చీటీ, నాకు ఆలస్యంగా చేరింది," అంది. "జిప్పు తియ్యబోతే కొంగ కన్ను కనిపించింది, బాగానే ఉంది కదా అని తెరిచాను. చీటీ దొరికింది. భూతద్దం దాని మీదే పెట్టాను. బ్యాగు మీద పెట్టలేదు. ఇన్నేళ్ళ పనిలో మొదటిసారి."

"ఇద్దరికిద్దరూ సరిపోయారు," అంది అక్క. "వీడు గిన్నె చూడలేదు, నువ్వు బ్యాగు చూడలేదు. మీ ఇద్దరినీ కలిపి ఉంచకపోతే ఊళ్ళో ఒక్క బ్యాగు మిగలదు. రేపట్నుంచి నా కత్తిరింపుల బల్ల ఖాళీ చేస్తాను. వచ్చి కూర్చో. అసలో నకిలీనో చెప్పించుకోవాలనుకునేవాళ్ళు ఇక్కడికే వస్తారు. మళ్ళీ ఆ కొంగ ఓనరు దగ్గర చేతులు కట్టుకుని నిలబడతావా ఏంటి?"

"మీకు ఇరుకవుతుందేమో అక్కా."

"ఇరుకే. అందుకేగా రమ్మనేది."

హెడ్‌మిస్ట్రెస్ గారు గొడుగు మూసి, ఇది చూడాల్సిందే అన్నట్టు స్టూలు లాక్కుని కూర్చుంది.

ఆమె భుజం మీది నీలం సంచి తీసింది. లోపలి వస్తువులు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టి, పిన్నీసు ఊడదీసి, ఖాళీ సంచి స్కేలు ముందుకు తోసింది.

"పది నిమిషాలన్నారు."

పది నిమిషాల్లో కాలేదు. అరగంట పట్టింది. సూదిలో దారం ఎక్కడానికే నాలుగుసార్లు. అక్క ఏమీ అనలేదు. జీవితంలో మొదటిసారి అనకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో మెడనరాలే చెప్పాయి. పని అయ్యాక స్కేలు చీటీ రాసి, మడిచి, లోపలి జేబులో పెట్టి ఇచ్చాడు.

ఆమె చీటీ జోలికి పోలేదు. ముందు భూతద్దం సంచి తాడు మీద పెట్టింది. ఒక్కొక్క కుట్టే చూసుకుంటూ పోయింది. చివరి నుంచి మళ్ళీ మొదటికి వచ్చింది.

"మూడోది పక్కకి పోయింది," అంది. "ఏడోది ఇంకా ఘోరం. ఇక్కడైతే ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. స్కేలు అని పేరు పెట్టుకున్న మనిషి కుట్టేనా ఇది?"

"చెయ్యి వణికిందండి. విప్పి మళ్ళీ కుడతాను."

సంచి తీసుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. భుజాన వేసుకుంది.

"అక్కర్లేదు," అంది. "అసలుదే."

మర్నాడు పొద్దున కొత్త బల్ల దగ్గరికి మొదటి బేరం వచ్చింది. షోరూమ్ ఓనరు. ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతిలో కాగితంలో చుట్టిన బెల్టుతో.

"లైన్లో నిలబడండి," అంది అక్క. లైన్లో ఇంకెవరూ లేరు.